ఆకలి పోయాక డైటీషియన్ పనేమిటి?

ఆకలిని అణిచి బరువు తగ్గించే వారానికోసారి వేసుకునే సూదులు మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ జూన్‌లో మన మందుల షాపులకు వచ్చాయి. వెగోవీలో ఉండే సెమాగ్లుటైడ్‌కు మన దేశంలో పేటెంటు గడువు 2026 మార్చి కావడంతో, హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ సహా దేశీయ కంపెనీలు చాలా ముందునుంచే సొంత తయారీకి సిద్ధపడ్డాయి. మాటలన్నీ ధర చుట్టూ, ఎవరు ఎన్ని కిలోలు తగ్గారన్న లెక్క చుట్టూ తిరుగుతున్నాయి. వారానికో సూదితో ఆకలే వేయనప్పుడు డైటీషియన్‌కు ఫీజు కట్టడం దేనికన్న ప్రశ్న కూడా వినిపిస్తోంది. అందులో కొంత న్యాయం లేకపోలేదు. ఎంత ఉందో తేలాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

బరువు తగ్గించే మందులకు మొదటినుంచీ మంచి పేరు లేదు. 1933లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు డైనైట్రోఫినాల్ అనే రసాయనం బరువు తగ్గిస్తుందని ప్రకటించారు. అది ఒంట్లో కొవ్వును కరిగించేది, దాంతోపాటు ఒళ్లు కాలిపోయేంత వేడి పుట్టించేది. కొందరికి కళ్లలో శుక్లాలొచ్చాయి, కొందరు చనిపోయారు. అమెరికాలో మందుల మీద 1938లో వచ్చిన చట్టం తర్వాత అది మనుషులకు పనికిరాదని తేల్చేశారు. ఆపైన ఆంఫెటమిన్లు అనే ఉత్తేజక మందులు, వాటిలో థైరాయిడ్ హార్మోన్లూ గుండె మందులూ కలిపి క్లినిక్‌లు అమ్మిన రంగురంగుల మాత్రలు వచ్చాయి. గుండె కవాటాలు దెబ్బతింటున్నాయని తెలిసి ఫెన్‌ఫ్లురామిన్ అనే బరువు తగ్గించే మందును 1997లో వెనక్కి తీసుకున్నారు. 2010లో సిబుట్రమిన్ అనే మరో మందు వంతు వచ్చింది. ఇన్ని దెబ్బలు చూశాక డైటీషియన్లు మందులను అనుమానంగా చూడటంలో వింతేముంది? మాత్రలు వద్దు, నోరు కట్టుకోండి అన్నదే వాళ్ల పాఠమైంది.

1999లో అమెరికాలో అనుమతి పొందిన ఆర్లిస్టాట్ అనే మందుతో ఈ దూరం కొంత తగ్గింది. తిన్న కొవ్వులో దాదాపు 30 శాతం అరగకుండా బయటికి పోయేలా చేస్తుందది. మందు వేసుకుని నూనె పదార్థాలు లాగిస్తే టాయ్‌లెట్‌కు పరుగే. కొవ్వుతోపాటు కొన్ని విటమిన్లూ పోతాయి కాబట్టి మల్టీవిటమిన్ మాత్రను వేరే సమయంలో వేసుకోవాలి. ఇవన్నీ కూర్చోబెట్టి చెప్పే మనిషి కావాలి కదా. అంతకన్నా ముందే, బరువు తగ్గించే ఆపరేషన్ల విషయంలో ఈ అవసరాన్ని గుర్తించారు. 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు వెలువరించిన ఏకాభిప్రాయ పత్రం సర్జన్‌తోపాటు పోషకాహారం తెలిసినవారూ బృందంలో ఉండాలని చెప్పింది. కడుపు చిన్నదైన మనిషికి ఏం తినకూడదో చెబితే చాలదు, ఏం తప్పక తినాలో చెప్పాలి.

ఇప్పటి సూదులు దాదాపు అదే పరిస్థితిని కత్తి పెట్టకుండా తెస్తున్నాయి. పేగుల్లో పుట్టే జీఎల్‌పీ-1 హార్మోన్‌ను 1980లలో గుర్తించారు. అది ఒంట్లో నిమిషాల్లో కరిగిపోతుంది కాబట్టి నేరుగా మందుగా పనికిరాలేదు. గిలా మాన్‌స్టర్ అనే బల్లి లాలాజలంలో దాన్ని పోలిన, ఎక్కువసేపు నిలిచే పదార్థం దొరికాక దారి తెరుచుకుంది. 2005లో ఎక్సెనటైడ్, తర్వాత లిరాగ్లుటైడ్, 2017లో సెమాగ్లుటైడ్, 2022లో టిర్జెపటైడ్ (మౌంజారోలో ఉండేది) మొదట మధుమేహానికి అనుమతి పొందాయి. ఇవి మెదడులో ఆకలిని అణిచేస్తాయి, కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి.

సెమాగ్లుటైడ్ బరువు తగ్గిస్తుందని నిరూపించిన స్టెప్-1 అధ్యయనం 2021లో అచ్చయింది. 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గిందన్న వార్తే అందరికీ చేరింది. అందులో పాల్గొన్నవారికి నాలుగు వారాలకోసారి ఆహార సలహా ఇచ్చారనీ, రోజుకు 500 కేలరీలు తగ్గించి వారానికి 150 నిమిషాల శారీరక శ్రమ చేయమన్నారనీ వార్తల్లో పెద్దగా రాలేదు. అంటే పరీక్షించింది ఒట్టి మందును కాదు. అదే మందు మీద జరిగిన స్టెప్-3 అధ్యయనంలో ఆ సలహాను ఇంకా గట్టిగా, 30 విడతలుగా ఇచ్చి, మొదటి ఎనిమిది వారాలు కఠినమైన ఆహారం పెట్టారు. అక్కడ తగ్గిన బరువు 16 శాతం.

రెండు వేర్వేరు అధ్యయనాలను పక్కపక్కన పెట్టి పోల్చడం పద్ధతి కాదు. అయినా ఆ చిన్న తేడా చూశాక డైటీషియన్ విలువను కిలోల్లో కొలవడం తప్పుదారేనని నాకనిపిస్తుంది. కిలోల పని మందే చేస్తోంది. మిగతాదంతా ఎవరో ఒకరు చూసుకోవాలి.

ఉదాహరణకు కండ. స్టెప్-1లో 140 మందికి స్కాన్ తీస్తే, పోయిన బరువులో సుమారు 40 శాతం కొవ్వు కాని భాగమే. అదంతా కండ కాదు, నీరూ ఉంటుంది. అరవై దాటినవారికి, ముందే కండ తక్కువున్నవారికి మాత్రం ఇది ప్రమాదమే. బరువు తగ్గే దశలో ఒంటి బరువులో ప్రతి కిలోకు రోజుకు 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రోటీన్ ఉండాలని అమెరికాలోని నాలుగు వైద్య, పోషకాహార సంఘాలు 2025లో కలిసి సూచించాయి. 70 కిలోల మనిషికి కనీసం 84 గ్రాములు. రెండు గుడ్లలో ఉండేది 12. మామూలుగా ఆకలేసేవాళ్లకే అంత ప్రోటీన్ అందడం కష్టం.

పైగా మన విస్తరి వరస చూడండి. పప్పన్నం, కూర, చారు, చివరికి పెరుగు. ప్రతి వాయిలోనూ అన్నమే ఎక్కువ. మందు మీదున్న మనిషికి నాలుగో ముద్దకే కడుపు నిండిపోతుంది, పెరుగు దాకా రానేరాదు. దేశంలో సగటున తినే కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాలవేనని మధుమేహం మీద దేశవ్యాప్తంగా జరిగిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం చెబుతోంది. కాబట్టి ముందు గుడ్డు, చేప, చికెన్, గట్టి పప్పు, మీల్ మేకర్ లాంటివి తిని, ఆ తర్వాత మిగిలిన చోటుకే అన్నం అని చెప్పాలి. పొద్దున ఇడ్లీకి బదులు పెసరట్టు. ‘అన్నం తగ్గించండి’ అన్న పాత సలహా ఇక్కడ సగమే పనికొస్తుంది, అన్నం ఎలాగూ తగ్గిపోయింది.

వికారం సంగతీ అంతే. సెమాగ్లుటైడ్ 0.25 మిల్లీగ్రాములతో మొదలై నెలకో మెట్టెక్కి 2.4కు చేరుతుంది. మెట్టు ఎక్కిన ప్రతిసారీ కడుపు తిరగబడొచ్చు. ఆ వారం బిర్యానీ, బజ్జీలు పక్కన పెట్టి, కొంచెం కొంచెంగా, నెమ్మదిగా తినమనాలి. మలబద్ధకమని నీళ్లు పెంచకుండా పీచు పెంచితే ఇంకా బిగుస్తుంది. మజ్జిగ, చారు, నీళ్లు గంటగంటకూ తాగాలి, ఎందుకంటే దాహమూ అంతగా తెలియదు. వాంతులు ఆగకపోతే అది మెనూ మార్చే వ్యవహారం కాదు. థయామిన్ (విటమిన్ బి1) లోపించి మెదడుకు ముప్పు రావచ్చు, వెంటనే డాక్టర్ దగ్గరికి పంపాలి. షుగర్‌కు గ్లిమెపిరైడో ఇన్సులినో కూడా వాడుతూ శనివారం ఒంటిపూట ఉండేవారిని, కార్తీకంలోనో రంజాన్‌లోనో ఉపవాసం చేసేవారిని ముందే అడిగి తెలుసుకోవాలి. షుగర్ ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం వాళ్లకే ఎక్కువ. ఉపవాసం గురించి పది నిమిషాల కన్సల్టేషన్‌లో డాక్టర్ అడగరు, అడగనిదే రోగీ చెప్పరు.

మందు ఆపాక జరిగేది మరో కథ. స్టెప్-1 ముగిశాక ఏడాదిపాటు కొందరిని గమనిస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చేసింది. వాళ్లకు సూదితోపాటే ఆహార సలహా కూడా ఆపేశారు. సలహా కొనసాగి ఉంటే ఎంత నిలిచేదో దాన్నిబట్టి చెప్పలేం. మన దగ్గర చాలామంది మందు ఆపేది డబ్బు చాలకే. సూది మానేద్దామనుకుంటున్న నెలల్లోనే, ఆకలి తిరిగి రాకముందే, తిండి వేళలూ కండ పెంచే వ్యాయామమూ కుదిర్చిపెట్టాలి. చాలామంది రోగులు అప్పటికే డైటీషియన్‌కు కనిపించడం మానేసి ఉంటారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 డిసెంబరులో తెచ్చిన మార్గదర్శకాలు ఈ మందులతోపాటు గట్టి జీవనశైలి తోడ్పాటు ఇవ్వొచ్చన్నాయి, దానికి ఆధారాలు బలహీనంగానే ఉన్నాయనీ ఒప్పుకున్నాయి. డబ్బు దగ్గర మాత్రం ఎక్కడైనా ఇబ్బందే. అమెరికాలో పెద్దవాళ్లకిచ్చే ప్రభుత్వ బీమా మెడికేర్ 2002 నుంచి మధుమేహం, కిడ్నీ జబ్బులకు డైటీషియన్ చికిత్సకు చెల్లిస్తున్నా, ఒట్టి ఊబకాయాన్ని ఆ జాబితాలో చేర్చలేదు. మన దగ్గర ఆరోగ్య వృత్తుల మీద 2021లో వచ్చిన చట్టం పోషకాహార నిపుణులను అనుబంధ ఆరోగ్య వృత్తుల్లో చేర్చింది గానీ, ఆసుపత్రిలో చేరితేనే డబ్బిచ్చే మామూలు బీమా వాళ్ల ఫీజును పట్టించుకోదు. సూదికి నెలకు వేలు పోస్తున్న ఇంట్లో ఆ పైఖర్చు దగ్గరే చేయి ఆగిపోతుంది.