రెక్టరు లేని రెక్టరీ

ఇంగ్లండ్‌లో ఇళ్ల అమ్మకం ప్రకటనలో ‘పాత రెక్టరీ’ అని కనిపిస్తే, ధర సామాన్యులకు అందదనే అర్థం. ఒకప్పుడది ఊరి చర్చి గురువు, అంటే రెక్టరు, కాపురమున్న ఇల్లు. గురువుకు అంత పెద్ద ఇల్లెందుకు కట్టారు, తర్వాత ఎందుకు అమ్ముకున్నారు? రెండింటికీ జవాబు పొలంలోనే ఉంది.

రెక్టరుకు ఊరి పంటలో పదో వంతు, చర్చి మాన్యం మీద వచ్చేది దక్కేవి. 1836 చట్టం ఆ ధాన్యపు వాటాను నగదుగా మార్చి గోధుమ, బార్లీ, ఓట్స్ ధరల ఏడేళ్ల సగటుకు ముడిపెట్టింది. పలు చర్చిల ఆదాయం తింటూ ఊళ్లో కనిపించని గురువులకు 1838 చట్టం ముకుతాడు వేసింది. ఊళ్లో ఉండాలంటే ఇల్లు కావాలి. రాబోయే ఆదాయాన్ని తాకట్టు పెట్టి ఇల్లు కట్టుకునే వీలు 1776 నుంచే ఉంది. ఇంకేం, ఊరూరా రెక్టరీలు లేచాయి.

వాటిలో చెప్పుకోదగ్గది డోర్సెట్‌లోని రాంపిషమ్ రెక్టరీ. 1840ల నడుమ దీన్ని రూపొందించింది వాస్తుశిల్పి ఆగస్టస్ పుజిన్. క్యాథలిక్ మతం పుచ్చుకున్న పుజిన్ చేత ఆంగ్లికన్ (ఇంగ్లండ్ అధికారిక ప్రొటెస్టంట్ చర్చి) గురువు ఇల్లు కట్టించుకున్నాడంటే సాహసమే. అంతకు ముందు తరం ఇళ్లకు నడిమధ్య తలుపు, అటూ ఇటూ సరిసమానంగా కిటికీలు. ఆ పొందిక కోసం లోపలి గదులు సర్దుకుపోవలసిందే. పుజిన్ వరస మార్చాడు. ముందు గదులు, తర్వాతే గోడలు. నడుమ హాలు, దాని చుట్టూ గాలిమర రెక్కల్లా తలో దిక్కుకు తిరిగిన గదులు. గది అవసరాన్ని బట్టే కిటికీ.

ఆ కాలపు రెక్టరీల్లో గురువు చదువుగది తరచు వీధి తలుపు పక్కనే ఉండేది. చర్చిలో పెళ్లి ప్రకటన చదివించమని అడగడానికి వచ్చిన రైతు బురద బూట్లతో ఇంటివారి మధ్యకు రాకుండా ఆ ఏర్పాటు! బటర్‌ఫీల్డ్, స్ట్రీట్ అనే వాస్తుశిల్పులు కూడా ఇలాంటి ఇళ్లే కట్టారు. స్ట్రీట్ దగ్గర పనిచేసిన ఫిలిప్ వెబ్ 1859లో కవి, డిజైనర్ విలియమ్ మారిస్ కోసం ఆ పద్ధతిలోనే రెడ్ హౌస్ అనే ఇల్లు గీశాడు. ఆ ఇంటికి దక్కిన కీర్తిలో సగమైనా రెక్టరీలకు చెందాలి.

1870ల చివర అమెరికా గోధుమ వచ్చిపడింది. ధరలతో పాటు గురువు రాబడీ పడిపోయింది. ఇంటి మరమ్మతులు మాత్రం ఆయన నెత్తినే; చేయించకుండా చనిపోతే ఆ బాకీ వితంతువు మీద పడేది. 1936లో చర్చికి అందే పదో వంతు బాపతు చెల్లింపులకు చట్టమే స్వస్తి చెప్పింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పనివాళ్లూ దొరకలేదు. చాలాచోట్ల తోటలో ఒక మూల గురువుకు చిన్న ఇల్లు కట్టి, పెద్దది అమ్మేశారు. అమ్మక తప్పలేదన్నది నిజమే కానీ, ఆ ఇళ్ల ఇప్పటి ధరలు చూస్తే చర్చి తొందరపడిందనే అనిపిస్తుంది. రాంపిషమ్ ఇల్లూ చర్చి చేయి దాటింది. అయితే మొదటి శ్రేణి రక్షిత కట్టడం కాబట్టి, ఎవరు కొన్నా ఇష్టమొచ్చినట్టు మార్చడానికి వీల్లేదు.