ట్రఫుల్ తింటే నవల వస్తుందా? సైకెడెలిక్ రిట్రీట్‌లో రాత: అపోహలు - వాస్తవాలు

ట్రఫుల్ అంటే ఇక్కడ ఒక రకం పుట్టగొడుగు నేల కింద కట్టే గడ్డ, అందులో సైలోసైబిన్ అనే భ్రాంతులు కలిగించే (సైకెడెలిక్) పదార్థం ఉంటుంది. నెదర్లాండ్స్‌లో నలుగురూ ఒకచోట చేరి దాన్ని తినే రిట్రీట్‌లు జరిగే ఇళ్లలో నా పని ఒక్కటే, వచ్చినవాళ్ల చేత రాయించడం. ట్రఫుల్స్ ఇచ్చేది, ఆరోగ్య వివరాలు చూసేది, ఆ ప్రభావం ఉన్నంతసేపూ పక్కన కూర్చునేది వేరేవాళ్లు. సంక్రాంతికి విజయవాడ వెళ్తే మాత్రం ఈ తేడా ఎవరికీ పట్టదు. "అక్కా, ఆ పుట్టగొడుగులు తింటే నవల దానంతటదే వచ్చేస్తుందటగా?" అన్నాడు మా పిన్ని కొడుకు. వాడికి చెప్పినవే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: ఆ ప్రభావంలో ఉండగా రాసిందే అసలైన రాత.

చాలామంది కొత్త నోట్‌బుక్ కొనుక్కుని వచ్చేది ఈ నమ్మకంతోనే. సైలోసైబిన్ పనిచేసే నాలుగైదు గంటల్లో నేను ఎవరినీ రాయమనను. రాస్తామంటే వద్దనను. మర్నాడు తీసి చూస్తే సగం పేజీ పిచ్చిగీతలు, మధ్యలో ఒక వాక్యం, దాని కింద మూడు గీతలు. ఒకాయన రాసుకున్నది ఇదీ: "మెట్లు కిందకి కూడా ఎక్కుతాయి." (ఆయన్ని అడిగే చెబుతున్నాను.) రాసేటప్పుడు కళ్లనీళ్లు ఆగలేదట. పొద్దున కాఫీ తాగుతూ చదువుకుని తనే పగలబడి నవ్వాడు.

ఇదేం కొత్త సంగతి కాదు. విలియం జేమ్స్ అనే తత్వవేత్త నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు వాయువు పీల్చి కాగితాలకు కాగితాలు రాసుకున్నాడు. రాస్తున్నప్పుడు సమస్తం అర్థమైపోయినట్టే ఉందట. మత్తు దిగాక చూస్తే అవి అర్థంలేని మాటలని 1882లో ఆయనే ఒప్పుకున్నాడు. "ఇది మహా గొప్ప విషయం" అన్న నమ్మకం అలాంటప్పుడు ఏ వాక్యానికైనా అతుక్కుంటుంది. చెత్త వాక్యానికి మరీ గట్టిగా అతుక్కుంటుంది!

మాస్ట్రిక్ట్ యూనివర్సిటీ పరిశోధకులు 2021లో ప్రచురించిన ప్రయోగంలో 60 మంది పాల్గొన్నారు. కొందరికి సైలోసైబిన్, కొందరికి ఉత్తుత్తి మందు. సైలోసైబిన్ తీసుకున్నవాళ్లు, ఆ ప్రభావం ఉన్నంతసేపూ ఆలోచనలు వాటంతటవే తోస్తున్నాయన్నారు. కానీ ఒక పని ఇచ్చి, దానికోసం పట్టుబట్టి ఆలోచించమంటే వెనకబడ్డారు. ఏడు రోజుల తర్వాత పరీక్షిస్తే వాళ్లకి తట్టే కొత్త ఆలోచనల సంఖ్య పెరిగింది.

నా అనుభవమూ దీనికి దగ్గరగానే ఉంది. అందుకే మా దగ్గర రాత మర్నాడు పొద్దున మొదలవుతుంది. ఇరవై నిమిషాలు, చేత్తో, ఫోన్ లేకుండా. విశ్వం, ఏకత్వం, వెలుగు, శక్తి అనే నాలుగు మాటలు నిషేధం. దుప్పటి రంగు రాయండి, కిటికీ అవతల వినబడిన చప్పుడు రాయండి, అమ్మమ్మ గుర్తొస్తే ఆవిడ చెప్పుల గురించి రాయండి అంటాను. మొదటి పది నిమిషాలు నన్ను లోపల తిట్టుకుంటారు. తర్వాత ఆ చెప్పుకి వేసిన పిన్నీసు గుర్తొస్తుంది, పెన్ను కదులుతుంది. వారం తర్వాత వీడియో కాల్‌లో మళ్లీ కూర్చుంటాం. నిలబడే పేజీలు నేను చూసింది ఎక్కువగా ఆ రెండోసారే.

అపోహ: పెద్ద రచయితలంతా ఇలాగే రాశారు.

ముందు ఇంగ్లీషు కవి కోల్‌రిడ్జ్ పేరు చెబుతారు. ఆయన వాడింది నల్లమందు, అది సైకెడెలిక్ కాదు. కలలో వచ్చిందని ఆయన చెప్పుకున్న 'కుబ్లా ఖాన్' కవిత చేతిరాత ప్రతికీ, 1816లో అచ్చయిన పాఠానికీ తేడాలున్నాయి. అంటే దిద్దుకున్నాడు. ఇంగ్లీషు రచయిత ఆల్డస్ హక్స్‌లీ 1953 మే నెలలో ఒకరోజు డాక్టర్ సమక్షంలో మెస్కలిన్ (ఒక రకం కాక్టస్‌లో ఉండే సైకెడెలిక్) తీసుకున్నాడు, దానిమీద పుస్తకం 1954లో వచ్చింది. అప్పటికి ఆయన ముప్పై ఏళ్లుగా నవలలు రాస్తున్నాడన్న సంగతి ఎవరూ చెప్పరు.

అపోహ: పుట్టగొడుగే కదా, చట్టం ఏం చేస్తుంది?

నెదర్లాండ్స్‌లోనే ఆ పుట్టగొడుగులు 2008 డిసెంబర్ 1 నుంచి నిషేధం. అదే జాతి నేల కింద గడ్డలా కట్టే భాగం, అంటే ట్రఫుల్, ఆ జాబితాలో లేదు. మా పని ఆ సందులో నడుస్తోంది. ఇండియాలో సైలోసైబిన్, ఎల్ఎస్‌డీ రెండూ 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం కిందకి వస్తాయి. "కొడైకెనాల్ వెళ్లి తెచ్చుకుంటాం" అని మెసేజ్ పెట్టేవాళ్లకి నా జవాబు: వద్దు. కేసు సంగతి అటుంచండి, అడవిలో కోసింది ఏ పుట్టగొడుగో పోల్చుకోవడంలో పొరపాటు పడితే కాలేయం పోవచ్చు.

అపోహ: ధైర్యం ఉంటే చాలు, ఎవరైనా రావచ్చు.

స్కిజోఫ్రీనియా, బైపోలార్ అనే మానసిక జబ్బులు తమకున్నా, దగ్గరి రక్తసంబంధీకులకున్నా మేం తీసుకోం. బైపోలార్‌కి ఇచ్చే లిథియం మందు వాడేవాళ్లకి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లూ రాకూడదు. డిప్రెషన్ మాత్రలు డాక్టర్‌కి చెప్పకుండా మానేసి వచ్చినవాళ్లని తిప్పి పంపేశాం. తెలుగువాళ్లు ఫారం నింపితే నేనూ ఒకసారి చూస్తాను. "మా మేనత్త కొంచెం తేడాగా ఉండేది" అన్నచోట మన ఇళ్లలో మాట ఆగిపోతుంది. ఆ తేడా ఏమిటో అడగాల్సిందే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. మొదట్లో, రాత్రంతా భయంతో గడిపిన మనిషికి కూడా పొద్దున్నే కాగితం ఇచ్చాను, రాస్తే తేలికపడుతుందని. పడలేదు, భయం తిరగబెట్టింది. ఇప్పుడు అలాంటివాళ్ల దగ్గర నోట్‌బుక్ ఊసే ఎత్తను. వాళ్లకి కావలసింది టీ, పక్కన ఒక మనిషి, అవసరమైతే డాక్టర్.

అపోహ: మన ఋషుల సోమరసం ఇదే.

పుట్టగొడుగుల మీద పరిశోధన చేసిన అమెరికన్ గోర్డన్ వాసన్ 1968లో సోమం అంటే ఎర్ర టోపీ మీద తెల్ల చుక్కలుండే పుట్టగొడుగు అని వాదించాడు. అందులో సైలోసైబిన్ ఉండదు. ఎఫెడ్రా అనే పొద అన్నవాళ్లూ ఉన్నారు. ఇంకా తేలలేదు.

అపోహ: నలుగురిలో రాత కుదరదు.

పెద్దన పేరు మీద ఒక చాటువు ఉంది కదా. కావ్యం రాయమంటే ఏమేం కావాలో జాబితా చదువుతుంది: ఆటంకం లేని చోటు, కప్పురవిడెం, ఇంపైన భోజనం, ఉయ్యాల మంచం. మా రిట్రీట్ ఇంట్లో విడెం, ఉయ్యాల తప్ప తక్కినవి ఉన్నాయి. ఆ జాబితాలోనే ఒప్పుతప్పులు చూడగల రసజ్ఞులు కూడా కావాలంటాడు. గుంపు వల్ల ఉపయోగం అదీ. మెట్ల వాక్యం పక్కనపెట్టు, ఆ చెప్పు గురించి ఇంకో పేజీ రాయి అనేవాళ్లు నలుగురు ఎదురుగా ఉంటారు.

చిక్కల్లా ఒకరి ఏడుపు ఇంకొకరి కథ అయిపోవడం. ఇందాకటి వాసన్ 1955లో మెక్సికోలోని వావుట్లలో మరియా సబీనా అనే మంత్రవైద్యురాలి దగ్గర పుట్టగొడుగుల పూజలో కూర్చున్నాడు. ఆమెకి చదవడం రాయడం రాదు, రాత్రంతా పాడేది. 1957లో లైఫ్ పత్రికలో ఆమె పేరు మార్చే రాశాడు. అయినా జనం వెతుక్కుంటూ వచ్చారు. ఊరు ఆమెనే తప్పుపట్టింది, ఆమె ఇల్లు తగలబడింది.

కాబట్టి మా దగ్గర పేరు మారిస్తే చాలదు. ఎవరి గురించి రాశామో ముందు వాళ్లకి చదివి వినిపించాలి. కిందటి శరత్కాలంలో ఒకతను తోటి మనిషి ఒకావిడ గురించి రాసి, అలాగే ఆవిడకి చదివి వినిపించాడు. ఆవిడ కాసేపు ఊరుకుని, "తీసెయ్" అంది. అతను ఆ రెండు కాగితాలూ చింపి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆ వారం రాసినవాటిలో అదే బాగుంది. అందులో ఏముందో నేనూ చెప్పను.