నిండిన ట్రక్కులో ఖాళీ గడి

కొత్త కార్లను రెండంతస్తుల్లో పేర్చుకుని హైవే మీద పోయే పొడవాటి ట్రక్కు కనిపిస్తే, పెద్దవాళ్లయినా సరే, పైకీ కిందికీ చూసి కార్లు లెక్కపెట్టకుండా ఉండలేరు. పెట్రోలు కార్లయితే ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి. అదే ట్రక్కు మీద పెద్ద ఎలక్ట్రిక్ కార్లు ఎక్కితే ఒకటో రెండో తగ్గుతాయి. ఒక గడి ఊరికే ఖాళీగా పోతుంటుంది. లోడు దొరక్క కాదు. టేపు పెట్టి కొలిస్తే అక్కడ ఇంకో కారు హాయిగా పడుతుంది. కాటా మీదే తేడా వస్తుంది.

అమెరికాలో ట్రక్కు, ట్రెయిలరు, సరుకు అన్నీ కలిపి సాధారణంగా 80,000 పౌండ్లు, అంటే సుమారు 36 టన్నులు దాటకూడదు. యూరప్‌లో ఇలాంటి బండ్లకు మామూలు హద్దు 40 టన్నులు. కార్ క్యారియర్ ఖాళీగా ఉన్నప్పుడే బాగా బరువు: రెండంతస్తుల ఉక్కు చట్రం, దాన్ని ఎత్తీ దించీ వంచే హైడ్రాలిక్ జాకీలు. లెక్క సులువుగా ఉండేందుకు కార్లకు 18 టన్నులు మిగిలాయనుకుందాం. 2 టన్నుల పెట్రోలు బండ్లు తొమ్మిది ఎక్కుతాయి. 2.5 టన్నుల ఎలక్ట్రిక్ బండ్లు ఏడు ఎక్కేసరికే 17.5 టన్నులు, ఎనిమిదోది ఎక్కితే జరిమానా. ఇక హమ్మర్ ఎలక్ట్రిక్ లాంటిదైతే నాలుగుతోనే సరి. ఆ బండి 4 టన్నుల పైమాట, అందులో బ్యాటరీ ఒక్కటే దాదాపు 1,300 కిలోలు. చిన్న పెట్రోలు కారు మొత్తం కలిపినా అంత తూగదు.

ఇంత బరువు ఎందుకు? కిలో పెట్రోలును మండిస్తే సుమారు 12 యూనిట్ల శక్తి వస్తుంది. కిలో లిథియం బ్యాటరీ ప్యాకులో పట్టేది యూనిట్‌లో ఆరో వంతు, అటూ ఇటూగా. ఎలక్ట్రిక్ మోటారు ఇంజనులా శక్తిని వేడిగా తగలేయదు కాబట్టి కొంత కలిసొస్తుంది కానీ, ఆ తేడాను పూడ్చేంత కాదు. 75 యూనిట్ల ప్యాకు 450 కిలోలకు తగ్గడం కష్టం. పైగా పెట్రోలు కారును పంపేటప్పుడు ట్యాంకులో నాలుగు లీటర్లు ఉంచి బరువు తగ్గించుకోవచ్చు. బ్యాటరీతో ఆ పప్పులుడకవు. నిండా ఛార్జ్ చేసినా, ఖాళీ చేసినా అదే బరువు. సరదాకి ఐన్‌స్టీన్ సూత్రంతో లెక్కేస్తే 75 యూనిట్ల ఛార్జి బరువు సుమారు 3 మైక్రోగ్రాములు. కారు మీద వాలిన దుమ్ము అంతకన్నా ఎక్కువ తూగుతుంది.

మొత్తం బరువు హద్దులో ఉన్నంత మాత్రాన గండం గడిచినట్టు కాదు, ఒక్కో ఇరుసు మీద పడే బరువుకూ వేరే హద్దు ఉంటుంది. డ్రైవరు క్యాబిన్ నెత్తిన ఒక కారు కూర్చుంటే దాని భారం ముందు ఇరుసుల మీదికి వెళుతుంది. చివరన వేలాడే కారు వెనక ఇరుసులను నొక్కి, తూగుడుబల్లలా ముందు భాగాన్ని తేలిక చేస్తుంది. అందుకే లోడు చేసేవాళ్లు ఏ కారు ఏ గడిలో ఉండాలో ముందే అనుకుని, ఆ వరసలోనే ఎక్కిస్తారు. ఇరుసు హద్దు వెనక పాత ప్రయోగం ఒకటి ఉంది. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం, ఒటావా దగ్గర ప్రత్యేకంగా రోడ్లు వేసి 1958 నుంచి 1960 దాకా వాటి మీద సైనికుల చేత ట్రక్కులు తిప్పించారు. ఇరుసు బరువు పెరిగేకొద్దీ రోడ్డు అరుగుదల దాదాపు దాని నాలుగో ఘాతంలో పెరుగుతుందని అందులో తేలింది. బరువు 10 శాతం పెరిగితే అరుగుదల 46 శాతం పెరుగుతుందన్నమాట.

సరిగ్గా ఆ 10 శాతం సడలింపునే అమెరికాలో కార్లు మోసే సంస్థలు అడుగుతున్నాయి. 2023లో అక్కడి చట్టసభలో బిల్లు కూడా పెట్టారు. ట్రిప్పులు తగ్గుతాయన్న వాదనను కొట్టిపారేయలేం. పై లెక్క ప్రకారం చూస్తే 36 టన్నుల హద్దుకు 3.6 టన్నులు కలిసి, 18 టన్నుల సరుకు 20 శాతం పెరిగి, ట్రిప్పులు ఆరో వంతు తగ్గుతాయి. అయినా అరుగుదల మొత్తం మీద ఐదో వంతుకు పైగా పెరుగుతుంది. నా మటుకు రోడ్డు తరఫునే ఓటు.

లోడింగ్ దగ్గర కష్టాలు వేరు. బాగున్న ఎలక్ట్రిక్ కారు తనంతట తానే మెత్తగా ర్యాంపు ఎక్కేస్తుంది. చిక్కల్లా అది మొరాయించినప్పుడే. పెట్రోలు కారైతే న్యూట్రల్‌లో వేసి తోసేస్తారు. చాలా ఎలక్ట్రిక్ కార్లలో చక్రానికీ మోటారుకూ మధ్య క్లచ్చి ఉండదు. చక్రం తిరిగితే మోటారూ తిరుగుతుంది, తిరిగితే అది జనరేటరు. ఆ కరెంటు ఎలక్ట్రానిక్స్‌ను కాల్చేయగలదు కనుక, మోటారుకు కలిసి ఉన్న చక్రాలను నేల మీద పెట్టి దూరం లాగవద్దని తయారీదారులు గట్టిగా చెబుతారు. వించితో, అంటే తాడు చుట్టి లాగే యంత్రంతో లాగాలన్నా ముందు చక్రాలు బ్రేకు పట్టకుండా తిరిగే ట్రాన్స్‌పోర్ట్ మోడ్‌లో పెట్టి, నడక వేగంతో కొద్ది మీటర్లే లాగాలి. ఆ మోడ్‌లో పెట్టాలంటే పన్నెండు వోల్టుల చిన్న బ్యాటరీ బతికి ఉండాలి. అది చచ్చిపోతే పెద్ద బ్యాటరీలో ఎంత కరెంటున్నా కారు కళ్లు తెరవదు. పార్కింగ్ బ్రేకు వదలదు, కొన్నింట్లో తలుపు కూడా తెరుచుకోదు. అప్పుడు బయటి నుంచి పన్నెండు వోల్టులు అందించి లేపాలి. లేదంటే చక్రాల కింద చిన్న బండ్లు పెట్టి జరపాలి.

కారు కడుపంతా బ్యాటరీయే కాబట్టి ర్యాంపు మలుపులో అడుగు రాసుకుంటే ఖరీదైన గీత పడుతుంది. కట్టేటప్పుడు కూడా అడుగున గొలుసులు బిగించడం కన్నా టైరు మీదుగా పట్టీలు వేయడం మేలు. కారు తన స్ప్రింగుల మీద తాను ఊగుతుంది, చక్రం మాత్రం కదలదు.

ఛార్జి ఎంత ఉంచి పంపాలన్నది నాకు భలే నచ్చే ప్రశ్న. నిండుగా ఉన్న లిథియం సెల్, అందులోనూ ఎండలో, త్వరగా ముసలిదవుతుంది. పూర్తిగా ఖాళీ చేస్తే ఇంకో ప్రమాదం. యార్డులో వారాల తరబడి నిలబడ్డ కారు నిద్రలోనూ కొంచెం కొంచెం కరెంటు తాగుతుంది. సెల్ మరీ అడుగంటితే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. తర్వాత ఛార్జ్ చేసినప్పుడు ఆ రాగి తప్పు చోట పేరుకుని లోపలే షార్ట్ చేయవచ్చు. అందుకే మధ్యలో ఎక్కడో ఆపి పంపుతారు.

తక్కువ ఛార్జికి మరో లాభం ఉంది. ఒక సెల్ వేడెక్కి పక్క సెల్‌ను రాజేసే గొలుసు చర్య మొదలైనా, అందులో శక్తి తక్కువగా ఉంటే మంట అంత ఉధృతంగా సాగదు. కొత్త బండ్లలో ఇలా జరగడం అరుదే. జరిగితే మాత్రం చుట్టూ అంగుళాల దూరంలో మిగతా కార్లు ఉంటాయి, ఆర్పామనుకున్నాక గంటల తర్వాత కూడా మళ్లీ రాజుకోవచ్చు. ఓడతో పోలిస్తే ట్రక్కుకు ఒక సుగుణం ఉంది: పక్కన ఆపి దిగి దూరంగా పరుగెత్తవచ్చు.

ఇప్పుడు ఈ కార్లను మోసే ట్రక్కులూ బ్యాటరీల మీద నడవబోతున్నాయి. 500 యూనిట్ల ప్యాకు అంటే 3 టన్నులు. డీజిల్ ఇంజను, గేర్‌బాక్సు, ట్యాంకు తీసేస్తే కొంత వెనక్కి వస్తుంది. యూరప్‌లో పొగ వదలని ట్రక్కులకు 2 టన్నుల దాకా అదనపు బరువు అనుమతిస్తున్నారు, అమెరికాలో 2,000 పౌండ్లు, అంటే టన్నులోపే. కాబట్టి యూరప్‌లో ఆ లోటు ఎలాగోలా పూడినా, అమెరికా ట్రక్కు మీద రెండో గడి కూడా ఖాళీ కావచ్చు.