ఫాలూదేలో పోగు ఎందుకు కరకరలాడుతుంది?

ఇరాన్‌లోని షిరాజ్ నగరానికి పేరు తెచ్చిన ఫాలూదేలో పాలు ఉండవు. గులాబీ నీరు కలిపిన చక్కెర పాకం, అందులో సన్నటి పిండి పోగులు, రెండూ సగం గడ్డకట్టి ఉంటాయి. పైన నిమ్మరసం పిండుకుంటారు, లేదా ఆల్బాలూ అనే పుల్లచెర్రీ పాకం పోసుకుంటారు. హైదరాబాద్ ఫలూదాకు మూలం ఇదే. అయితే మన దగ్గర సేమ్యా పాలలో మెత్తగా జారుతుంది, అక్కడ పళ్ళ కింద కరకరమంటుంది.

ఈ కరకరకు కారణం స్టార్చ్. దానిలో రెండు రకాల అణువులు ఉంటాయి: కొమ్మలు లేని పొడవాటి అమైలోజ్, గుబురుగా కొమ్మలున్న అమైలోపెక్టిన్. వేడినీటిలో స్టార్చ్ రేణువు ఉబ్బి పగిలితే అమైలోజ్ బయటికొస్తుంది. చల్లబడగానే దాని గొలుసులు జంటలుగా మెలితిరిగి, దగ్గరికి చేరి, మధ్యలోని నీటిని బయటికి నెట్టి స్ఫటికాలవుతాయి. దీన్ని రెట్రోగ్రెడేషన్ అంటారు. అమైలోజ్‌కు గంటలు చాలు, అమైలోపెక్టిన్‌కు రోజులు పడుతుంది. సున్నా డిగ్రీలకు కాస్త పైన ఇది చాలా చురుగ్గా సాగుతుంది.

ఫ్రిజ్‌లోని అన్నం బిరుసెక్కేది కూడా ఇలాగే. తడి ఆరిపోయి గట్టిపడిందని బళ్ళో కూడా చెప్పేస్తుంటారు. కానీ అది నిజం కాదు: తడి పోకుండా, గాలి చొరకుండా మూసినా రొట్టె గట్టిపడుతుందని ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త బుస్సంగో 1852లోనే చూపాడు. మళ్ళీ వేడిచేస్తే అన్నం మెత్తబడుతుంది, ఎందుకంటే అమైలోపెక్టిన్ స్ఫటికాలు 60 డిగ్రీల దగ్గరే కరిగిపోతాయి. అమైలోజ్ స్ఫటికాలు మాత్రం మరిగే నీటికి కూడా లొంగవు. ఫాలూదే పోగుకు బలం వాటిదే. అమైలోజ్ దాదాపు లేని జిగురు బియ్యపు పిండితో చేస్తే పోగు నిలవదు.

ఇంట్లో చేసుకోవాలంటే గోధుమ స్టార్చ్ గానీ మొక్కజొన్న స్టార్చ్ గానీ 100 గ్రాములు తీసుకుని 400 మిల్లీలీటర్ల చల్లటి నీటిలో ఉండలు లేకుండా కలపండి. సన్నటి మంట మీద అడుగంటకుండా తిప్పుతూ ఉడికిస్తే పాలలాంటి తెలుపు పోయి అద్దంలా మెరుస్తుంది, గిన్నె అంచులు వదులుతుంది. తెలుపు మిగిలితే రేణువులు పగల్లేదన్నమాట, పోగు పిండిపిండిగా ఉంటుంది. చక్కెర ఇప్పుడే వేయకూడదు, వేస్తే స్టార్చ్ ఉడకడానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి. వేడి తగ్గకముందే జంతికల గొట్టంలో సన్నకారప్పూస బిళ్ళ పెట్టి, ఐసు ముక్కలు వేసిన నీటిలోకి వత్తాలి. ముద్ద చల్లారితే గొట్టంలోనే గడ్డకట్టి పోగులు తెగుతాయి. నీరు గోరువెచ్చబడితే పోగులు అంటుకుపోతాయి, అందుకే మధ్యమధ్య ఐసు వేస్తుండాలి.

పాకానికి అర లీటరు నీరు, 250 గ్రాముల చక్కెర. పూర్తిగా చల్లారాకే గులాబీ నీరు కలపాలి, లేకపోతే వాసన ఆవిరైపోతుంది. ఈ పాకం −3 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. నీరు ఐసయ్యేకొద్దీ మిగిలిన ద్రవంలో చక్కెర చిక్కబడి, గడ్డకట్టే ఉష్ణోగ్రత ఇంకా కిందికి జారుతుంది. అందుకే −18 డిగ్రీల ఫ్రీజర్‌లో కూడా నీటిలో నాలుగో వంతు ద్రవంగానే మిగులుతుంది. చక్కెర 100 గ్రాములే వేస్తే రాయి తయారవుతుంది, 500 వేస్తే సగం నీరు గడ్డకట్టదు.

నీళ్ళు ఓడ్చిన పోగులను పాకంలో వేసి, ఫ్రీజర్‌లో పెట్టి, అరగంటకోసారి ఫోర్కుతో గీరుతుండాలి. గీరకపోతే పెద్ద స్ఫటికాలు పెరిగి పలకలా బిగుసుకుంటుంది. ఈలోగా చిక్కబడే పాకం ఆస్మాసిస్ వల్ల పోగులోని నీటిని లాగేస్తుంది, లోపల ఏర్పడే మంచు స్టార్చ్ గొలుసులను ఇంకా దగ్గరికి నొక్కుతుంది. పోగు పెళుసయ్యేది ఈ రెండింటి వల్లే.

నిమ్మరసం వడ్డించేటప్పుడే పిండాలి. స్టార్చ్ ఉడికేటప్పుడు వేస్తే ఆమ్లం స్టార్చ్ గొలుసులను కొంత తెంపి, పోగును బలహీనపరచవచ్చు.