పద్నాలుగు పాయింట్ల పందికొక్కు

మొన్న సంక్రాంతి సెలవులకి మా అక్క కూతురు మెల్‌బోర్న్ నుంచి వచ్చింది, వస్తూ వస్తూ స్క్రాబుల్ బోర్డు తెచ్చింది, ఇంగ్లీషు అక్షరాల బిళ్లలు గడుల్లో పేర్చి మాటలు కట్టే ఆట, అక్షరానికిన్ని పాయింట్లు. మూడో ఆటలో, బోర్డు మీద అప్పటికే ఉన్న ‘బ్యాండ్’ అనే మాటకి తన దగ్గరున్న ఐదు బిళ్లలు చేర్చి ‘బ్యాండికూట్’ చేసేసింది. “ఇది మా ఊరి జంతువు మామయ్యా, నీకు తెలీదులే” అని ఓ జాలి చూపు కూడా. మీ ఊరిది కాదమ్మా, అది మన పెరట్లోది, మన పందికొక్కే అంటే నమ్మదే! జోక్ అనుకుంది.

జోకు కాదు. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్, అంటే ఇంగ్లీషువాళ్లు మన దేశంలో పోగుచేసుకున్న మాటల నిఘంటువు, ఈ మాట తెలుగు పందికొక్కు నుంచే వచ్చిందని చెబుతుంది. ఇప్పటి ఇంగ్లీషు నిఘంటువులదీ అదే మాట. కొక్కు అంటే పెద్ద ఎలుక. పంది ఎందుకు తగిలించారంటే, దాన్ని మూలకి తరిమి చూసినవాళ్లని అడగండి, అచ్చం పందిలాగే గుర్రుగుర్రుమంటుంది, వీపు మీద బిరుసు వెంట్రుకలు నిక్కబొడుస్తుంది. ఒక్కోటి కిలో దాకా తూగుతుంది. దీన్నే తమిళులు పెరుచ్చాళి అంటారు, కన్నడిగులు హెగ్గణ అంటారు. ఇంగ్లీషువాళ్ల చెవిన ముందు ఆ మాటలు పడి ఉంటే ఈ కథే లేదు.

సరే, ‘పం’ పోయి ‘బ్యాం’ ఎలా అయింది? నాకు అన్నిటికంటే సరదాగా అనిపించేది ఇదే. అరచెయ్యి నోటికి దగ్గరగా పెట్టుకుని, ఇంగ్లీషు సినిమాల్లో వాళ్లు పలికినట్టు ‘పెన్’ అనండి, చేతికి గాలి తగులుతుంది. తర్వాత మామూలుగా ‘పంది’ అనండి. గాలి దాదాపు ఉండదు. ఇంగ్లీషువాళ్లు మాట మొదట్లో ‘పి’ని కాస్త ఊది పలుకుతారు, పెదాలు విడిపోయాక గొంతులో తంత్రులు కంపించడానికి సుమారు 50-60 మిల్లీసెకన్లు పడుతుంది. మన ‘ప’లో ఆ ఆలస్యం చాలా తక్కువ. వాళ్ల ‘బి’లో కూడా తక్కువే. అంటే మనం ఎంత స్పష్టంగా ‘ప’ అన్నా, ఆ ఊదుడు కోసం ఎదురుచూసే చెవికి అది ‘బ’లాగే వినపడుతుంది. ఇక చివరి ఉకారం రాలిపోయింది, కొక్కు కాస్తా కూట్ అయింది. వాళ్ల చెరువుల్లో కూట్ అనే నల్లటి నీటిపక్షి ఒకటి ఎలాగూ ఉంది కాబట్టి, నోటికి అలవాటైన ఆ మాటలోకి మన కొక్కు జారిపోయిందని నా ఊహ.

ఈ జంతువు బయటివాళ్లని హడలగొట్టడం కొత్తేం కాదు. 14వ శతాబ్దంలో వచ్చిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా దేవగిరి కోట చీకటి కొట్లలో పిల్లుల కంటే పెద్ద ఎలుకలున్నాయనీ, వాటిని చూసి పిల్లులే పారిపోతాయనీ రాశాడు. హాబ్సన్-జాబ్సన్ ఆ ముక్కని పందికొక్కు కిందే ఉదాహరించింది. మన రైతులకైతే ఇదంతా వింతేం కాదు. వరి పొలాల్లో తిరిగే చిన్న రకం వెన్నులు కొరికి కలుగులో దాచుకుంటుంది, ఆ కలుగులు తవ్వి గింజలు బయటికి తీసుకునేవాళ్లున్నారు. జనం సొమ్ము తినేవాణ్ణి పందికొక్కు అని తిట్టేది ఊరికే కాదు. హిందీలో ఇంకా నయం, ‘ఘూస్’ అంటే లంచం, ‘ఘూస్’ అంటే పందికొక్కు కూడా!

మరి ఆస్ట్రేలియాకి ఎలా పోయింది? జంతువు పోలేదు, పేరే పోయింది. అక్కడికి చేరిన ఇంగ్లీషువాళ్లకి మూతి పొడుగ్గా ఉండి, రాత్రిళ్లు నేల తవ్వే జంతువొకటి కనపడింది, ఇండియాలో విన్న పేరు దానికి అంటించేశారు. నిజానికి ఆ రెండింటికీ చుట్టరికమే లేదు. మనది ఎలుక. అక్కడిది కంగారూలాగా సంచిలో పిల్లల్ని పెంచే జంతువు. ఈ రెండు వంశాలు విడిపోయి సుమారు 16 కోట్ల ఏళ్లయిందని లెక్క. అక్కడి బ్యాండికూట్ సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది, తవ్వేటప్పుడు మట్టి పిల్లల మీద పడకుండా. గర్భం 12 రోజులే, పాలిచ్చే జంతువుల్లో అంత తక్కువ చాలా అరుదు. వాటిలో ఒక రకానికి ముందుకాళ్లకి రెండేసి వేళ్లే ఉండేవి, చిన్న గిట్టల్లా, అచ్చం పందికాళ్లలా. దాంతో ఇంగ్లీషువాళ్లు దానికి పందికాళ్ల బ్యాండికూట్ అని పేరు పెట్టారు. అంటే తెలుగులో పందికాళ్ల పందికొక్కు! మాట దాటిపోయేటప్పుడు దారిలో పారేసుకున్న పందిని వాళ్లకి తెలీకుండానే మళ్లీ తెచ్చి తగిలించారు. పాపం అది 20వ శతాబ్దంలో అంతరించిపోయింది. దాని శాస్త్రీయ నామంలో రెండో మాటకి తోకలేనిది అని అర్థం, ఎందుకంటే 1838లో పేరు పెట్టినప్పుడు దొరికిన నమూనాకి తోక ఊడిపోయి ఉంది. నిజానికి ఆ జంతువుకి భలే పొడుగు తోక ఉండేది.

ఇక పాయింట్ల సంగతి. స్క్రాబుల్ కనిపెట్టిన ఆల్‌ఫ్రెడ్ బట్స్ ఆర్కిటెక్టు, 1930లలో అమెరికాలో మాంద్యం దెబ్బకి పని పోయినవాడు. న్యూస్‌పేపర్ మొదటి పేజీలో ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో కూర్చుని లెక్కపెట్టి, ఎక్కువ కనపడేవాటికి తక్కువ విలువ, తక్కువ కనపడేవాటికి ఎక్కువ విలువ పెట్టాడు. మాట అర్థంతో, వయసుతో, అది ఎక్కణ్ణుంచి వచ్చిందన్న దానితో ఆటకి పనిలేదు. బ్యాండికూట్‌లో బి, సి మూడేసి, డి రెండు, మిగతా ఆరక్షరాలకీ ఒక్కొక్కటి, మొత్తం 14. తొమ్మిదక్షరాల మాటకి అది పేదరికమే. కానీ చోటు కుదిరితే కథ వేరు. బోర్డు పై వరసలో రెండు, మూడు గడుల్లో ఎ, ఎన్ ఉన్నాయనుకోండి, మీ చేతిలో సరిగ్గా బి, డి, ఐ, సి, ఓ, ఓ, టి ఉన్నాయనుకోండి. డి పడే గడి అక్షరం విలువని రెట్టింపు చేస్తుంది, మాట 16 అవుతుంది. మొదటి గడి, ఎనిమిదో గడి మాట మొత్తాన్ని మూడింతలు చేసేవి, అంటే తొమ్మిది రెట్లు, 144. ఏడు బిళ్లలూ ఒక్కసారే వాడినందుకు బోనస్ 50. మొత్తం 194! ఎప్పటికైనా నా చేతికి ఆ ఏడూ వస్తాయేమోనని చూస్తున్నా.

ఈ మాట క్రియగా కూడా చెల్లుతుంది, స్క్రాబుల్‌లో ఏ మాటలు చెల్లుతాయో చెప్పే కాలిన్స్ జాబితాలో. ఆస్ట్రేలియాలో ‘బ్యాండికూట్ చెయ్యడం’ అంటే పైన ఆకులు కదలకుండా కిందనుంచి బంగాళదుంపలు తవ్వి దొంగిలించడం. మన పందికొక్కు కూడా ఒప్పుకునే అర్థం.

ఆ రాత్రి ఒక పిచ్చి లెక్క కూడా వేశాను. పందికొక్కు అనే ఉన్నదున్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో పేరిస్తే మూడు ‘కె’లు కావాలి. సెట్టులో ఉండేది ఒక్కటే. మిగతా రెండిటికీ ఖాళీ బిళ్లలు పెట్టాలి, ఖాళీ బిళ్లకి సున్నా. కలిపితే 15. బ్యాండికూట్ కంటే ఒక్కటి ఎక్కువ! చెల్లదులెండి, అయినా సంతోషంగా అనిపించింది.

“అయితే తెలుగు స్క్రాబుల్ చేద్దాం మామయ్యా” అని మర్నాడు పాత శుభలేఖలు కత్తిరించడం మొదలుపెట్టింది. మనం రాసేది నాలుగక్షరాలు, పం, ది, కొ, క్కు. ఫోన్‌లో అదే మాటని కంప్యూటర్ పది ముక్కలుగా దాచుకుంటుంది. బిళ్లలెన్ని? ప్రతి గుణింతానికీ ఒక బిళ్ల అంటే శుభలేఖలు చాలవు. సరే, వత్తులకి వేరే బిళ్లలు చేసి అక్షరం కింద పెడదాం అంది. బానే ఉందనిపించింది, క్కు కింద గడిలో క వత్తు పెట్టింది కూడా. తర్వాత నా వంతు. ఆ గడిలోంచే నేను నిలువుగా ఒక మాట దింపాలి, అక్కడ వత్తు కూర్చుని ఉంది.