మెటల్ డస్ట్ పేలుళ్లు: తెలిసిన ప్రమాదమే, రూల్ మాత్రం ఇంకా రాలేదు

లోహం మండుతుందంటే చాలామంది నమ్మరు, అల్యూమినియం కడ్డీకి అగ్గిపుల్ల పెడితే ఏమీ కాదు కదా అంటారు. నిజమే, కానీ అదే అల్యూమినియాన్ని గ్రైండింగ్ చేసేటప్పుడో పాలిష్ పట్టేటప్పుడో రాలే సన్నపొడి గాల్లోకి లేచి దానికి ఒక్క స్పార్క్ తగిలిందంటే మొత్తం ఒకేసారి అంటుకుంటుంది, అది గాలిని లాగే గొట్టం (డక్ట్) లోపలో, పొడిని పీల్చి పోగుచేసే డస్ట్ కలెక్టర్ లోపలో అయితే ఇక పేలుడే.

పొడి పేలుతుందన్న సంగతి కొత్తదేం కాదు. 1785లో ఇటలీలోని టూరిన్‌లో పిండి గోదాములో దీపం వల్ల పేలుడు జరిగితే కౌంట్ మొరోజో దాని గురించి వివరంగా రాసిపెట్టాడు. 1878లో మినియాపొలిస్‌లో వాష్‌బర్న్ పిండిమిల్లు పేలి 18 మంది పోయారు. ఆ తర్వాత కూడా ఎన్నో ప్రమాదాలు జరిగి జరిగి చివరికి 1987లో అమెరికాలో కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా ధాన్యం నిల్వ, మిల్లింగ్ పనులకి ప్రత్యేకంగా రూల్ పెట్టింది. లోహాలకి మాత్రం అలాంటిది రాలేదు. నా బాధంతా ఇక్కడే. ఎందుకంటే అప్పటికి చాలా ముందే, 1960ల్లోనే, అక్కడి గనుల పరిశోధన చూసే ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ మైన్స్ వాళ్లు రకరకాల లోహాల పొడుల్ని ల్యాబ్‌లో పేల్చి చూసి లెక్కలతో సహా రిపోర్టు ఇచ్చారు.

2003 అక్టోబర్‌లో ఇండియానాలోని హంటింగ్టన్‌లో అల్యూమినియం వీల్స్ తయారుచేసే ప్లాంట్‌లో పేలుడు జరిగి ఒకరు చనిపోయారు. అదే ఏడాది జనవరి, ఫిబ్రవరిల్లో వేరే రకాల డస్ట్ వల్ల ఇంకో రెండు పెద్ద పేలుళ్లు. దాంతో ఇలాంటి ప్రమాదాల మీద విచారణ జరిపే అమెరికా ప్రభుత్వ సంస్థ కెమికల్ సేఫ్టీ బోర్డు పాత రికార్డులన్నీ తవ్వితే 1980 నుంచి 2005 దాకా 281 ఘటనలు, 119 మరణాలు తేలాయి, అన్ని పరిశ్రమలకీ కలిపి ఒక రూల్ పెట్టమని 2006లో ఓషాకి సిఫార్సు చేసింది. ఓషా 2009లో ఆ పని మొదలుపెట్టి 2017లో పక్కన పెట్టేసింది.

ఈ మధ్యలోనే 2011లో టెనెసీలోని గాలటిన్‌లో ఒక ఐరన్ పౌడర్ ప్లాంట్‌లో నాలుగు నెలల్లో మూడుసార్లు మంటలు లేచాయి, మొత్తం ఐదుగురు పోయారు. మొదటిసారి జనవరిలో పొడిని పైకి చేరవేసే బకెట్ ఎలివేటర్ మోటర్‌ని రీస్టార్ట్ చేయగానే ఆ అదురుకి పొడి లేచి అంటుకుంది. మార్చిలో రెండోది. మూడోది మేలో, కందకంలోంచి వెళ్లే పైపు నుంచి హైడ్రోజన్ లీకై పేలింది, ఆ దెబ్బకి పైన దూలాల మీద పేరుకున్న ఐరన్ డస్ట్ మండుతూ వర్షంలా కిందపడింది. రెండుసార్లు జరిగాక కూడా ఆ పొడి ఇంకా పైన అలాగే ఉందంటే గుండె తరుక్కుపోతుంది.

2014 ఆగస్టు 2న చైనాలోని కున్‌షాన్‌లో జరిగింది ఇంకా ఘోరం. వీల్ హబ్స్ పాలిష్ చేసే ఫ్యాక్టరీ, పొద్దున్నే ఏడున్నరకి షిఫ్ట్ నడుస్తోంది. డస్ట్ కలెక్టర్ తుప్పు పట్టి లోపలికి తేమ చేరింది, అల్యూమినియం పొడి నీటితో రియాక్ట్ అయ్యి వేడెక్కి అంటుకుంది, పేలుడు బయటికి పోయే వెంట్ లేదు కాబట్టి అది పైపుల గుండా వెనక్కి మనుషులు పనిచేసే హాల్లోకే వచ్చింది. నెల రోజుల్లో 97 మంది, ఏడాది చివరికి 146 మంది చనిపోయారు.

ఈ ప్రమాదాల్లో ఎక్కువ ప్రాణాలు తీసేది తరచుగా మొదటి పేలుడు కాదు, దాని అదురుకి దూలాల మీద, కేబుల్ ట్రేల మీద ఉన్న పొడి లేచి జరిగే రెండోది. అందుకే 0.8 మిల్లీమీటర్ల పొరని కూడా తేలిగ్గా తీసుకోకూడదంటారు, కంప్రెస్డ్ ఎయిర్‌తో ఊదేస్తే పొడి పోదు, గాల్లోకి లేచి ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మామూలు వ్యాక్యూమ్ క్లీనర్ కూడా వాడకూడదు, దాని మోటరే స్పార్క్ ఇవ్వొచ్చు. మంట లేస్తే నీళ్లు కొట్టడం అన్నిటికంటే డేంజర్, మండే లోహం నీటి నుంచి హైడ్రోజన్‌ని విడగొడుతుంది. పొడి ఇసుకో లోహాల మంటలకోసం ఉండే క్లాస్ డి ఎక్స్‌టింగ్విషరో దగ్గరుండాలి, అది కూడా పొడి పైకి లేవకుండా మెల్లగా కప్పాలి.

అగ్నిప్రమాదాల నివారణకి ప్రమాణాలు రాసే అమెరికా ప్రైవేటు సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ విడివిడిగా ఉన్న డస్ట్ కోడ్‌లని, లోహాలకున్న 484తో సహా, ఇప్పుడు 660 పేరుతో ఒకే కోడ్‌గా కలిపింది. ప్లాంట్‌లో ఏ పొడి ఎక్కడ చేరుతోంది, దానికి నిప్పు ఎక్కడ్నుంచి రావొచ్చు అని చూసే డస్ట్ హజార్డ్ అనాలిసిస్ అందులో తప్పనిసరి, ఐదేళ్లకోసారి మళ్లీ చూసుకోవాలి. కానీ ఏ ప్రభుత్వమైనా దాన్ని చట్టంలోకి తీసుకుంటేనే అది చట్టం అవుతుంది. ఓషా మాత్రం 2023లో సవరించిన తనిఖీ ప్రోగ్రామ్‌తో, పనిచోటుని ప్రమాదాలు లేకుండా ఉంచాలని యజమానులందరికీ వర్తించే జనరల్ డ్యూటీ నిబంధనతోనే నెట్టుకొస్తోంది.