గట్టు మీది దారి: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఇటలీలో బండ్ల రద్దీ లేని కొండదారుల్లో సైకిలు తొక్కాలంటే ఏమేం తెలిసుండాలని అడిగారు. అక్కడి టస్కనీ ప్రాంతమంతా చెప్పబోతే ఈ ఉత్తరం తెమలదు. ఒక్క రోజు దారి పట్టుకుని చెబుతాను. సియెనా నుంచి అషానో, అక్కణ్ణుంచి క్యుసూరే, మోంతె ఒలివెతో మఠం, చివరికి బ్వోన్‌కొన్వెంతో. కాస్త అటూ ఇటూగా 45 కిలోమీటర్లు. తిరిగి రావడానికి రైలుంది.

పటం చూడగానే మీ కళ్ళు పల్లంలో, నది వెంట పోయే దారి మీద పడతాయి, ఎక్కుడు ఉండదు కదా అని. అక్కడే దెబ్బ తింటారు. సియెనా నుంచి బ్వోన్‌కొన్వెంతోకి అర్బియా నది పక్కన పోయేది కాసియా. రోమన్ల నాటి పేరు, ఇప్పటి నంబరు 2. లారీలూ బస్సులూ అన్నీ దాని మీదే. పాత ఊళ్ళు మాత్రం గట్ల మీద ఉంటాయి. ఎత్తు మీద ఉంటే శత్రువు రాక దూరం నుంచే కనబడుతుంది. పైగా దక్షిణ టస్కనీ పల్లపు భూముల్లో ఒకప్పుడు వరదలు, మలేరియా. కాబట్టి ఊరికీ ఊరికీ మధ్య పాత దారి గట్టు వెన్ను మీదే సాగింది. తర్వాత రైలూ పెద్ద రోడ్లూ పల్లాన్ని పట్టుకున్నాయి, గట్టు దారి ఖాళీ అయింది. అందుకే అక్కడ నిశ్శబ్దం కావాలంటే ఎక్కుడు తొక్కాల్సిందే. ఒకటి మానుకుని రెండోది తెచ్చుకోలేరు.

మనం పట్టుకునేది ఎస్.పి. 438 నంబరు రోడ్డు, పేరు లౌరెతానా. లొరెతో క్షేత్రానికి యాత్రికులు నడిచిన దారి గనుక ఆ పేరు. అది ఖాళీగా ఉండటానికి ఇంకో కారణముంది. సియెనా నుంచి బెత్తొల్లె వైపు నాలుగు వరసల రోడ్డు వేశారు, తొందరున్న కార్లన్నీ అటు పోతాయి. ఏ దేశంలోనైనా ఇదే కిటుకు: పక్కనే వేగంగా పోయే కొత్త రోడ్డున్న పాత రోడ్డును వెతకండి. ఆ నాలుగు వరసల రోడ్డు మీద సైకిలు నిషేధం. దాని బోర్డులూ మామూలు రోడ్ల బోర్డుల్లాగే నీలంగా ఉంటాయి, ఫోను కూడా ఒక్కోసారి అటే తీసుకుపోతుంది. ఎర్ర అంచు గుండ్రంలో సైకిలు బొమ్మ కనిపిస్తే దిగి వెనక్కి తిరగండి.

సియెనా నుంచి తావెర్నె దర్బియా దాకా మాత్రం కార్లు తప్పవు. ఆదివారం పొద్దున్నే బయలుదేరితే ఆ ముక్క సులువుగా గడుస్తుంది. అక్కడ బండ్లు కుడి పక్కన నడుస్తాయని అందరికీ తెలుసు, అయినా తప్పు చేస్తారు. తొక్కుతున్నప్పుడు కాదు, ఆగి మళ్ళీ బయలుదేరేటప్పుడు. ఫోటో తీసుకుని సైకిలెక్కగానే అలవాటు కొద్దీ ఎడమకు పోతారు. కాలు పెడలు మీద పెట్టే ముందు “కుడి” అని పైకే అనండి, నవ్వినవాళ్ళని నవ్వనివ్వండి. రౌండబౌట్లో ఎడమ నుంచి తిరిగి వచ్చే బండికి దారి ఇచ్చి, కుడికి తిరిగి దిగాలి. ఊరి బయట ఒకరి వెనక ఒకరు పోవాలని అక్కడి చట్టం. పదేళ్ళ లోపు పిల్లలుంటే పెద్దవాళ్ళకి కుడి పక్కన జతగా తొక్కవచ్చు. చిన్నోడా, అది నీకే. బెల్లు, ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం ఉండాలి. పొద్దు గూకిన అరగంట తర్వాత ఊరి బయట తొక్కితే మెరిసే జాకెట్టు కూడా తప్పనిసరి.

ఇప్పుడు ఎక్కుడు సంగతి. బోర్డు మీద 10% అని ఉంటే వంద మీటర్లు పోయేసరికి పది మీటర్లు పైకి వెళతారన్నమాట. మీ వయసువాళ్ళు అలాంటి చోట గంటకు 5 కిలోమీటర్లు తొక్కితే గొప్పే. అంటే నిమిషానికి 83 మీటర్లు. ముందు పళ్ళ చక్రానికి 34 పళ్ళు, వెనక పెద్దదానికి 28 ఉంటే పెడలు ఒక్క చుట్టుకు సైకిలు సుమారు రెండున్నర మీటర్లు కదులుతుంది. ఆ లెక్కన నిమిషానికి 33 చుట్లే. అంత నెమ్మదిగా తిరిగితే ప్రతి తొక్కుడూ మోకాలి మీద పడుతుంది. వెనక 34 వేయిస్తే 40 చుట్లవుతుంది. ముందు 30, వెనక 36 ఉంటే 48. కాళ్ళలో బలం పెంచడానికి ఏడాది పడుతుంది, వెనక చక్రం పళ్ళు మార్చడానికి ఒక పూట చాలు. కొట్టువాణ్ణి ముందే అడగండి, వెనక గేరు చెయ్యి (చైనును ఒక పళ్ళ చక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) అంత పెద్ద చక్రానికి అందుతుందా అని. అందకపోతే గేరు సరిగా పడదు.

గేరు ఎక్కుడు మొదలయ్యే ముందే మార్చాలి. సగం ఎక్కాక, బలమంతా పెడలు మీద పెట్టి మారిస్తే కటకటమని చైను ఊడుతుంది. ఊడితే కంగారు పడకండి. వెనక గేరు చేతిని ముందుకు నెట్టండి, చైను వదులవుతుంది. ముందు చక్రం పై పళ్ళకు నాలుగు లంకెలు తగిలించి, వెనక టైరును పైకెత్తి పెడలు చేత్తో ముందుకు తిప్పండి. అదే ఎక్కేస్తుంది. వేళ్ళు మాత్రం పళ్ళకీ చైనుకీ మధ్య పెట్టకండి.

సమయం లెక్క ఇలా వేసుకోండి. చదును మీద గంటకు 13 కిలోమీటర్లు, పైన ప్రతి వంద మీటర్ల ఎత్తుకూ 12 నిమిషాలు. మొత్తం ఎత్తు 800 మీటర్లొస్తే 45 కిలోమీటర్లకు అయిదు గంటల పైమాట. గట్టు దారి ఒక్కసారి ఎక్కి ఊరుకోదు, చిన్నచిన్నగా ఎక్కి దిగి ఎక్కి దిగి ఉంటుంది. రెండు కొసల ఎత్తు మాత్రం చూసి మోసపోకండి.

ఆ నేల పేరు క్రేతే సెనెజి, సియెనా బంకనేలలు అని. లక్షల ఏళ్ళ కిందట సముద్రం అడుగున పేరుకున్న బంకమట్టి అది. చెట్లు తక్కువ, నీడ దాదాపు ఉండదు. ఏప్రిల్, మేలలో గోధుమ చేలు పచ్చగా, జూన్‌లో పసుపుగా, కోతలై దున్నాక బూడిద రంగులో ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో నడి మధ్యాహ్నం వద్దు. గంటకు అర లీటరుకు తగ్గకుండా నీళ్ళు కావాలి, తలా రెండు 750 మిల్లీలీటర్ల సీసాలు పెట్టుకోండి. ఊళ్ళలో కుళాయిలుంటాయి. “ఆక్వా పొతాబిలే” అని ఉంటే తాగొచ్చు, “పొతాబిలే”కి ముందు “నొన్” అని ఉంటే తాగకూడదు. కొట్లు ఒంటిగంటకు మూసేసి మళ్ళీ నాలుగింటి ప్రాంతానికి తెరుస్తారు. అషానోలో రొట్టె, జున్ను, పళ్ళు ఒంటిగంట లోపే కొనేయాలి. అక్కడి మాటలు మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి, నోరు తిరగదేమోనన్న భయం వద్దు.

అషానో దగ్గర తారు లేని తెల్ల దారులు చీలుతాయి. స్త్రాదా బియాంకా అంటారు. వాటికీ తారు వేసేస్తారన్న బెంగతోనే 1997లో గయొలె ఊళ్ళో పాత సైకిళ్ళతో ఎరోయికా అనే యాత్ర మొదలుపెట్టారు. ఇప్పుడు ఏడాది పొడవునా తొక్కగలిగే 209 కిలోమీటర్ల దారికి గోధుమరంగు బోర్డులున్నాయి. మార్చిలో వృత్తి సైక్లిస్టుల పెద్ద పందెం కూడా ఆ తెల్ల దారుల మీదే, అది 2007లో మొదలైంది. అందులో మోంతె సాంతె మరియె ముక్క పదకొండున్నర కిలోమీటర్లు. మొదటిసారి అటు పోకండి.

ఎందుకంటే, ఎండినప్పుడు ఆ దారి గట్టి నేల మీద గోళీల్లాంటి కంకర. టైరు 35 మిల్లీమీటర్ల వెడల్పుండి, మీ బరువుకు 40 పి.ఎస్.ఐ. లోపు గాలి ఉంటే పట్టు దొరుకుతుంది. గాలి మరీ బిర్రుగా కొడితే చక్రం రాయి రాయికీ ఎగురుతుంది. మరీ తగ్గిస్తే రాయి దెబ్బకు ట్యూబు రిమ్ముకి నొక్కుకుని, పాము కాటులా పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. ఒకటే చిల్లయితే ముల్లు. అప్పుడు కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపల గుడ్డతో చుట్టూ తుడవండి, ముల్లు గుడ్డకు తగులుతుంది. అది తీయకపోతే రెండో ట్యూబూ పది నిమిషాల్లో పోతుంది.

వాన పడితే ఆ దారి వేరే లోకం. తడిసిన బంకమట్టి అరిసెల పాకంలా టైరుకు అంటుకుని, దాని మీద కంకర అంటుకుని, బ్రేకు దగ్గరా ఫ్రేము సందుల్లోనూ గట్టిపడుతుంది. ఇరవై అడుగులు పోయేసరికి చక్రం తిరగదు. బలవంతంగా తొక్కారా, వెనక గేరు చెయ్యి వంగి చక్రం స్పోకుల్లో పడుతుంది, ఇక ఆ రోజుకి సైకిలు లేనట్టే. దిగి, పుల్లతో గీకి, గట్టున గడ్డి మీద నడిపించుకుంటూ తారు దాకా వచ్చేయండి. వాన వెలిసిన మర్నాడు కూడా తారు వదలవద్దు.

క్యుసూరే దాకా ఎక్కి (ఆ ఊరు ఆర్టిచోక్‌లకు పేరు), మఠం వైపు దిగుతారు. మఠం 1313 నాటిది. దిగుడులో గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు 11 మీటర్లు. వంపులో బ్రేకు వేస్తే చక్రం జారుతుంది, వంపుకు ముందే వేయాలి. రెండు బ్రేకులూ కలిపి నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కండి. అదే పనిగా పట్టుకుంటే రిమ్ము కాలిపోతుంది. గట్టు మీద పక్కగాలి ఒక్కసారిగా తోస్తుంది, చేతులు హ్యాండిలు వదలకండి.

గొర్రెల మంద పక్కన తెల్లటి పెద్ద కుక్క ఉంటే అది మరెమ్మా కాపలా కుక్క. పారిపోతే వెంటపడుతుంది. దిగి, సైకిలు మీకూ దానికీ మధ్య ఉంచి, నెమ్మదిగా నడిచి దాటండి. రాయి ఎత్తకండి. సెప్టెంబరు మూడో ఆదివారం నుంచి జనవరి చివరి దాకా వేట కాలం, మంగళ, శుక్రవారాలు తప్ప. అప్పుడు ముదురు రంగు చొక్కాలు వద్దు.

బ్వోన్‌కొన్వెంతోలో స్టేషనుంది. రైలు వేళలు పొద్దున్నే చూసుకోండి, ఆదివారం తక్కువ. వేళల పట్టికలో రైలు బదులు బస్సని ఉంటే దాన్ని నమ్ముకోకండి, మామూలుగా సైకిలు ఎక్కించుకోరు. ప్రాంతీయ రైల్లో సైకిలు బొమ్మ ఉన్న పెట్టె దగ్గర నిలబడాలి. సైకిలుకు వేరే టికెట్టు. కాగితం టికెట్టయితే ఎక్కకముందే ప్లాట్‌ఫారం దగ్గర మిషన్లో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే టికెట్టు ఉన్నా జరిమానా. మధ్యలో ఓపిక అయిపోతే అషానోలో కూడా స్టేషనుంది, అక్కడే రైలెక్కేయండి.

వెనక పళ్ళ చక్రం ఎన్ని పళ్ళదో లెక్కపెట్టి నాకు రాయండి, ఏది వేయించాలో చెబుతాను.

మీ
పెద్దమ్మ